కిటికీ మీది రాగి కప్పు



ఈ వారం మీకు ఒక ఒప్పుకోలు రాస్తున్నాను. నేను చూడని పనికి సాక్ష్యం చెప్పాను. "చూశానమ్మా, పని బాగుంది" అని ఫోన్లో చెప్పాను. అప్పటికి నేను చూసింది తమ్ముడు పంపిన రెండు ఫోటోలు మాత్రమే.

ఆ తమ్ముడు మన సంఘంలో రేకు పని చేసే పిల్లవాడు. పేరు రాయను, మీలో సగం మందికి తెలుసు. ఈ సంగతి రాయనా అని అడిగితే, "రాయండి అయ్యగారూ, మేకుల సంగతి కూడా రాయండి" అన్నాడు. కాబట్టి రాస్తున్నాను.

హైదరాబాదులో అబిడ్స్ దగ్గర చిరాగ్ అలీ లేన్ వైపు ఒక పాత ఇల్లు ఉంది. అందులో రిటైరైన టీచరమ్మ ఒక్కరే ఉంటారు. మన మందిరానికి రేకులు వేసినప్పుడు సాయం చేసినవారిలో ఆమె కూడా ఉన్నారు. ఆ ఇంటి ముందు గదికి ఒక కిటికీ ఉంది. అది గోడలో అణిగి ఉండదు, మూడు పలకలుగా వీధి వైపుకు పొడుచుకు వస్తుంది. ఇంగ్లీషువాళ్ల కాలపు బంగ్లాలలో ఉంటాయే, బే విండో అంటారు, అలాంటిది. గది కప్పు దాని మీదికి రాదు కనుక దానికి సొంతంగా చిన్న కప్పు కావాలి. పాతది చిల్లులు పడింది. అమెరికాలో ఉన్న కొడుకు, అక్కడి ఇళ్లకు ఉన్నట్టే రాగి రేకుతో వేయించమన్నాడు, డబ్బు పంపాడు. మన తమ్ముడికి పని నేనే ఇప్పించాను.

పని అయింది. టీచరమ్మ ఫోటోలు తీసి కొడుక్కి పంపారు. కొడుకు వాటిని పెద్దవి చేసి చూసి మూడు తప్పులు పట్టాడు. రేకు నున్నగా లేదు, అలలు అలలుగా ఉంది. రంగు మచ్చలు మచ్చలుగా ఉంది, వేలిముద్రలు కూడా కనిపిస్తున్నాయి. మూలల దగ్గర టంకం లావుగా, ముతకగా ఉంది. గోడకు రేకు కలిసే చోట గీసిన తెల్ల గీత మాత్రం బాగుందన్నాడు. మిగతా 18,000 ఇవ్వొద్దని తల్లికి చెప్పాడు.

టీచరమ్మ నన్నడిగారు. తమ్ముడు కూడా నా దగ్గరికే వచ్చాడు. ఇంట్లో చిన్నపాపకు జ్వరం, చేతిలో పైసా లేదు. కూలివాని కూలి తెల్లవారేదాకా నీ దగ్గర ఉంచుకోవద్దని లేవీయకాండము 19లో ఉంది కదా, అదే పట్టుకున్నాను. అదే అధ్యాయంలో రెండు వచనాల తరువాత ఇంకో మాట ఉంది: తీర్పులో బీదవాడని పక్షపాతం చూపవద్దు, గొప్పవాడని మొగమాటపడవద్దు. అది నేను మీకు ఎన్నోసార్లు బోధించాను. ఆ రోజు ఫోన్ ఎత్తినప్పుడు మాత్రం పదమూడో వచనం దగ్గరే ఆగిపోయాను. "చూశానమ్మా" అన్నాను.

రాత్రి నిద్ర పట్టలేదు. తెల్లారి పెంబర్తి వెళ్లాను.

జనగామ పక్కన పెంబర్తి మీకందరికీ తెలుసు. ఇత్తడి రేకు పనికి పేరున్న ఊరు. అక్కడి విశ్వకర్మ కుటుంబాలు తరతరాలుగా రథాలకు, ధ్వజస్తంభాలకు, గుడి తలుపులకు రేకు తొడుగులు చేస్తారు. నిజాం కాలంలో పాన్‌దాన్లు, అత్తరుదాన్లు చేసి నగరానికి పంపేవారు. అక్కడ నాకు తెలిసిన ఒక పెద్దాయన ఉన్నాడు, డెబ్బై దాటాయి. ధ్వజస్తంభాలు చేసే మనిషిని తీర్పు చెప్పడానికి పాస్టరు పిలుచుకుపోవడమేమిటని మన పెద్దల్లో ఒకరు అడిగారు. దానికి నేను 1 రాజులు 7 చూడమన్నాను. సొలొమోను మందిరపు ఇత్తడి పనికి తూరు నుంచి హీరామును పిలిపించాడు. తల్లి ఇశ్రాయేలు విధవరాలే, తండ్రి మాత్రం తూరు పట్టణపు ఇత్తడి పనివాడు. కొడుకు చేతికి పని తండ్రి నుంచి వచ్చింది. (మన బైబిల్లో ఇత్తడి అని ఉన్న చోట హెబ్రీ మాట రాగికీ కంచుకూ కూడా వాడతారు.) పని తెలిసినవాడు ఏ ఊళ్లో ఉంటే ఆ ఊరికే కబురు పోయింది.

పెద్దాయన, నేను, తమ్ముడు కలిసి వెళ్లాం. నాంపల్లిలో దిగి నడిచాం. పెద్దాయన దారి పొడుగునా తల పైకెత్తే నడిచాడు, రెండుసార్లు ఆటోవాళ్ల చేత తిట్లు తిన్నాడు. మొజంజాహీ మార్కెట్ దగ్గర నిలబడిపోయాడు. అది 1935 నాటి కట్టడం, అంతా నల్లసేనపు రాయి. "రాయిని ఏం చూస్తావు పెద్దయ్యా, మనది రేకు కదా" అన్నాను. "రాయైనా రేకైనా వాననీళ్లకు తొవ్వ చూపియ్యాలె సారూ. చూపియ్యకుంటే అవే చేసుకుంటయ్" అన్నాడు.

ఇంటికి చేరగానే టీచరమ్మ కొడుకు చెప్పిన తప్పులు చదివి వినిపించారు. పెద్దాయన ఏమీ అనలేదు. నిచ్చెన వేయించుకుని, చొక్కా చేతులు మడిచి ఎక్కాడు. ముందు రేకు అంచు వేళ్ల మధ్య పట్టి చూశాడు. "24 గేజి. మంచిదే తెచ్చినవ్ బిడ్డా" అన్నాడు. అంటే అర మిల్లీమీటరు కంటే కాస్త ఎక్కువ, చదరపు మీటరు 5 కిలోలు తూగుతుంది. ఆ తరువాత అతుకుల దగ్గర చెవి పెట్టి, పిడికిలితో మెల్లగా తట్టి, రేకును అటూ ఇటూ జరపబోయాడు. అది వెంట్రుకవాసి జరిగింది. నాకు గుండె గుభేలుమంది, వదులుగా ఉందేమోనని. ఆయన నవ్వాడు.

రేకుకు అలలు ఎందుకొస్తాయో అప్పుడు చెప్పాడు. ఎండకు రాగి సాగుతుంది, చలికి ముడుచుకుంటుంది. ఈ లెక్క తరువాత నేను వేసుకున్నాను: 8 అడుగుల రేకు, చలికాలం తెల్లవారుజాముకూ మండుటెండకూ మధ్య రేకు వేడిలో 50 డిగ్రీల తేడా వస్తే, దాదాపు 2 మిల్లీమీటర్లు పెరుగుతుంది. రేకును సూటిగా మేకులతో బిగించేస్తే ఆ పెరుగుదలకు చోటుండదు, కొన్నేళ్లకు మేకు దగ్గరే చిరుగుతుంది. అందుకే తెలిసిన పనివాడు రేకులో మేకు దించడు. రేకు మడతలో చిన్న రాగి పట్టీ ఇరికించి, ఆ పట్టీని కింది చెక్కకు కొడతాడు. రేకు నిలబడుతుంది, కదులుతుంది కూడా. మన తమ్ముడు అలాగే చేశాడు. పలచని రేకు కాబట్టి వెలుతురు ఏటవాలుగా పడినప్పుడు అలలు కనిపిస్తాయి. వాటితో నీళ్లకు పనిలేదు.

రంగు మచ్చలకు ఆయన అసలు జవాబే చెప్పలేదు. జేబులోంచి నల్లబడ్డ పాత రాగి ఉంగరం తీసి టీచరమ్మ చేతిలో పెట్టాడు. కొత్త రాగి మొదటి వారాల్లో ముట్టుకున్న చోటల్లా ఒక్కో రంగుకు తిరుగుతుంది, మెల్లగా అంతా గోధుమరంగు అవుతుంది. కొడుకు పంపిన ఫోటోల్లో ఉన్న పచ్చదనం రావడానికి ఏళ్లకు ఏళ్లు పడుతుంది, మన పొడి గాలిలో ఇంకా ఆలస్యం. మూలల్లో టంకం ముతకగా ఉన్న మాట నిజమే. కానీ అతుకు లోపలిదాకా పారింది. పైన నున్నగా అరగదీసి లోపల బోలుగా వదిలేసిన టంకాలు తాను ఎన్నో చూశానన్నాడు. ఆమ్లం కడిగాడా లేదా అని వేలితో రుద్ది వాసన చూశాడు. కడిగాడు.

అప్పటికి నేను లోలోపల స్తోత్రం చెప్పుకుంటున్నాను. నా అబద్ధం నిజమైపోతోంది కదా.

పెద్దాయన గోడ దగ్గరికి జరిగాడు. కొడుకు మెచ్చుకున్న తెల్ల గీత అది, సిలికాన్. నిజంగానే దారం పట్టి గీసినట్టుంది. బకెట్ నీళ్లు, మగ్గు అడిగాడు. కింది నుంచి మొదలుపెట్టాడు, ముందు అంచు, తరువాత మూలలు, తరువాత నడిమి మడతలు, ఒక్కోచోట పోసి, ఆగి, నన్ను లోపల కిటికీ పైకప్పు చెక్క చూడమన్నాడు. పై నుంచి పోస్తే నీళ్లు ఎక్కడ దూరాయో తెలియదట. అన్నీ పొడిగానే ఉన్నాయి. చివరికి ఆ తెల్ల గీత మీద పోశాడు. నేను తలెత్తి చూస్తూ నిలబడ్డాను. కాసేపటికి చెక్క మూలన ఒక నల్ల మచ్చ వచ్చింది, అది పెరిగింది, ఒక చుక్క నా కళ్లద్దాల మీద పడింది.

పాత గోడకు సున్నం పూత. సున్నం పొడి రాలుతూ ఉంటుంది, దానికి సిలికాన్ అంటుకోదు. పెద్దాయన గోరుతో లాగితే గీత అంతా పట్టీలాగా ఊడి వచ్చింది. దాని వెనక రేకును గోడకు కొట్టిన మేకులు కనిపించాయి. ఇనుప మేకులు. అప్పటికే తలలు ఎర్రబడుతున్నాయి. రాగి, ఇనుము ఒకదానికొకటి ఆనుకుని తడిస్తే ఇనుము చాలా త్వరగా తినిపోతుంది.

పెద్దాయన నిచ్చెన మీద నుంచే అడిగాడు: "తెలిసి కొట్టినవా బిడ్డా, తెలవక కొట్టినవా?"

తమ్ముడు తలవంచుకున్నాడు. చాలాసేపటికి చెప్పాడు. ట్రూప్ బజార్‌లో రెండు మూడు దుకాణాలు తిరిగాడట, రాగి మేకులు దొరకలేదట. గోడకు గాడి కొట్టడానికి ఇంకో రెండు రోజులు పడుతుంది. పాప జ్వరం. గీత అందంగా వేస్తే లోపలిది ఎవరికి కనిపిస్తుందనుకున్నాడట.

టీచరమ్మ నా వైపు చూశారు. "మీరు చూశానన్నారు కదా పాస్టర్ గారూ?"

"చూడలేదమ్మా" అన్నాను.

ఆమె ఏమీ అనలేదు. లోపలికి వెళ్లి నలుగురికీ టీ తెచ్చారు. ఆ టీ తాగడం నాకెంత కష్టమైందో మీకు చెప్పలేను.

తీర్పు పెద్దాయన రెండు ముక్కల్లో చెప్పాడు: రేకు పని నిఖార్సయినది, దాని కూలి ఈ రోజే ఇచ్చెయ్యాలి. గోడ పని పని కాదు, మళ్లీ చేసినంక దాని కూలి. ఎంతకెంత అని నేనడిగితే, 18,000లో 12,000 రేకుది, మిగతాది గోడది అన్నాడు. టీచరమ్మ అప్పటికప్పుడు 12,000 లెక్కపెట్టి ఇచ్చారు. పెద్దాయన తనకు బస్సు చార్జీ తప్ప ఏమీ తీసుకోలేదు.

పౌలు తిమోతికి రాసిన రెండో పత్రికలో, తనకు చాలా కీడు చేసిన అలెక్సంద్రు అనే కంచరివాడిని పేరు పెట్టి చెబుతాడు. ఇన్నేళ్లలో కంచరివాడి మాట వస్తే నాకు అతనే గుర్తొచ్చేవాడు. ఇప్పుడు ఈయన గుర్తొస్తున్నాడు.

తరువాతి వారం తమ్ముడు రెండు రోజులు అక్కడే ఉండి పని చేశాడు. ఇటుకల మధ్య సున్నపు వరసలో అంగుళం లోతు గాడి కొట్టాడు. గోడ మీదికి మలిచిన రేకును గోడకు మేకులతో కొట్టకుండా వదిలేశాడు. దాని మీదికి దిగేలా వేరే రాగి పట్టీని గాడిలో దూర్చి, రాగి చీలలతో బిగించి, సున్నం గచ్చు నింపాడు. ఇప్పుడు గోడ మీద జారే నీళ్లు పట్టీ మీది నుంచి రేకు మీదికి దూకుతాయి, వెనక్కి పోవడానికి తొవ్వ లేదు. రాగి మేకులు పెద్దాయనే ఇచ్చి పంపాడు. ఊడదీసిన ఇనుప మేకుల్లో ఒకటి తమ్ముడి సంచిలో ఉంది, నేను చూశాను. మిగిలిన 6,000 ముట్టాయి.

నాకు ఇంకో పని మిగిలింది. అమెరికాలో ఉన్న కొడుక్కి ఫోన్ చేశాను. మీరు తప్పన్న మూడూ తప్పులు కావు, మీరు బాగుందన్నదే తప్పు, నేను చూడకుండానే చూశానని చెప్పాను అని వరసగా చెప్పేశాను. అటువైపు కాసేపు నిశ్శబ్దం. "మా అమ్మ మీ మాట మీదే నాతో రెండు రోజులు మాట్లాడలేదండీ" అన్నాడు. క్షమించమని అడిగాను. సరేనండీ అని పెట్టేశాడు. ఆ సరే ఎలాంటి సరేనో ఇంకా తెలియదు.

మొన్న రాత్రి నగరంలో పెద్ద వాన పడిందని విన్నాను. పది గంటలకు టీచరమ్మ ఫోన్.

"కిటికీ దగ్గరే కూర్చున్నాను పాస్టర్ గారూ. రేకు మీద చప్పుడు భలే వస్తోంది."

"నీళ్లేమైనా వస్తున్నాయా అమ్మా?"

"ఇప్పటిదాకా లేదు. చూస్తున్నాను, చూసి చెబుతాను" అన్నారు.