నేను పెట్టని సంతకం

2013లో కాల్గరీలో మేముండే పనోరమా హిల్స్ పేటలో కొత్త స్కూలు తెరిచారు. పేరు కెప్టెన్ నికోలా గాడర్డ్ స్కూలు. మా అమ్మాయిని అందులోనే ఆరో తరగతిలో చేర్పించాం. మన ఊళ్ళలో స్కూళ్ళకి నాయకుల పేర్లో, స్థలమిచ్చిన దాతల పేర్లో చూసి అలవాటైపోయి, ఈ కెప్టెన్ కూడా ఎవరో మీసాలాయన అయ్యుంటాడనుకున్నాను.

"ఆయన కాదు నాన్నా, ఆమె! ఇరవై ఆరేళ్ళకే చనిపోయింది" అంది మా అమ్మాయి.

ఆ తర్వాత ఏడాదంతా మా ఇంట్లో భోజనాల దగ్గర నికోలా కబుర్లే. ఆమె 1980లో పాపువా న్యూగినీలో పుట్టింది. తల్లిదండ్రులిద్దరూ టీచర్లు. కెనడాలోనూ వాళ్ళ ఉద్యోగాల వెంట ఊళ్ళు మారుతూ పెరిగింది. కింగ్‌స్టన్‌లోని రాయల్ మిలిటరీ కాలేజీలో 2002లో పట్టా పుచ్చుకుని, ఫిరంగిదళంలో అధికారి అయింది. అక్కడ తోటి విద్యార్థినే పెళ్ళి చేసుకుంది. 2006లో ఆఫ్ఘనిస్తాన్ వెళ్ళింది.

ఆమె పని, ముందు వరసలో కాల్బలంతోనే ఉండి, వెనకనున్న ఫిరంగులు ఎక్కడ కాల్చాలో చెప్పడం. తప్పు లెక్క చెబితే గుళ్ళు మనవాళ్ళ మీదే పడతాయి. కొరియా యుద్ధం తర్వాత శత్రువు మీదికి అలా ఫిరంగులు కాల్పించిన మొదటి కెనడా అధికారి ఆమేనట. 2006 మే 17న పంజ్వాయిలో జరిగిన పోరులో ఆమె ఉన్న కవచవాహనానికి రాకెట్ గ్రెనేడ్లు తగిలాయి. పరిసరాలు చూడటానికి పైకి నిలబడి ఉన్న ఆమె అక్కడికక్కడే పోయింది. ముఖాముఖి పోరులో మరణించిన మొదటి కెనడా మహిళా సైనికురాలు. సరిగ్గా ఆ రోజే ఒట్టావా పార్లమెంటులో ఆ యుద్ధాన్ని పొడిగించే తీర్మానం 149–145 ఓట్లతో నెగ్గింది.

నన్ను కదిలించింది మాత్రం వాళ్ళ నాన్న. ఆయన కాల్గరీ యూనివర్సిటీలో విద్యాశాస్త్రం ప్రొఫెసరు. చదువు చెబితే లోకం బాగుపడుతుందని ఆయన, ముందు తుపాకీ పట్టినవాళ్ళని ఆపకపోతే బడి ఎలా నడుస్తుందని కూతురు వాదించుకునేవాళ్ళట. మీ పని మీరు చేసుకోగలగాలనే నా పని నేను చేస్తున్నానని ఆమె అందట. ఆ సంగతి కూతురి అంత్యక్రియల్లో ఆయనే చెప్పారు. సైనికుల శవపేటికలు ట్రెంటన్‌కి వచ్చేటప్పుడు పత్రికలవాళ్ళని రానివ్వకూడదన్న ప్రభుత్వ నిర్ణయాన్ని కూడా ఆ చర్చిలోనే నిలబడి తప్పుపట్టారు. కూతురు పోయిన దుఃఖంలో నాకైతే నోరు పెగిలేది కాదు.

2019లో, పదిహేడేళ్ళప్పుడు, మా అమ్మాయి ఒక దరఖాస్తు తెచ్చి నా ముందు పెట్టింది. కింగ్‌స్టన్ కాలేజీది. ఫీజు లేదు, పైగా జీతం ఇస్తారు. చదువయ్యాక కొన్నేళ్ళు సైన్యంలో పనిచేయాలి. పద్దెనిమిది నిండలేదు గనక తల్లిదండ్రుల సంతకం కావాలి.

నేను పెట్టలేదు. "ఇందుకా తల్లీ మేం ఇంత దూరం వచ్చింది?" అన్నాను. మా ఆవిడ రెండు రోజులు అన్నం సరిగ్గా తినలేదు. మా అమ్మాయి వాదించలేదు. నర్సింగులో చేరింది. పుట్టినరోజు వచ్చి వెళ్ళిపోయినా ఆ మాట మళ్ళీ ఎత్తలేదు.

2020 జూన్ 15న గల్వాన్ లోయలో కల్నల్ సంతోష్‌బాబు మరణించారు. 16 బీహార్ రెజిమెంట్ కమాండింగ్ ఆఫీసరు. మా సూర్యాపేట వాడు! అర్ధరాత్రి దాకా టీవీ ముందు కూర్చున్నాను. ఆయన కోరుకొండ సైనిక్ స్కూల్లో చదివాడనీ, సైన్యంలో చేరాలన్న తన కోరిక తీరక వాళ్ళ నాన్న కొడుకుని పంపించారనీ ఎంతో గర్వంగా చెప్పుకొచ్చాను. మరుసటి ఏడాది మహావీర్ చక్ర ప్రకటించినప్పుడూ ఊరందరికీ ఫోన్లు చేశాను.

అంతా విని మా అమ్మాయి మెల్లిగా అడిగింది. "నాన్నా, వాళ్ళ నాన్న కూడా సంతకం పెట్టనని ఉంటే?"

నా దగ్గర జవాబు లేదు. ఇంకొకరి బిడ్డ వీరుడైతే మన ఊరివాడు. మన బిడ్డ అయితే మన బిడ్డే.

2021లో తాలిబాన్లు మళ్ళీ కాబూల్ పట్టుకున్నప్పుడు, ఆ యుద్ధంలో పోయిన 158 మంది కెనడా సైనికులు దేనికోసం పోయినట్టు అని నేనే అన్నాను. "మధ్యలో బడికెళ్ళిన ఆడపిల్లలు చదివింది మర్చిపోతారా?" అంది. కూతురు పోయాక ఆ ప్రొఫెసరు గారు కూడా ఆఫ్ఘనిస్తాన్‌లో టీచర్ల శిక్షణకే పనిచేశారు. నికోలా పేరుతో పాపువా న్యూగినీ పల్లెల్లోని వైద్యకేంద్రాలకి సౌరదీపాలు కూడా అందాయి.

మొన్న నవంబరు 11న ఎర్ర పాపీ పువ్వు నా కోటుకి గుచ్చుతూ, సైన్యం రిజర్వులో నర్సుగా చేరతానంది. ఇప్పుడు నా సంతకం అక్కర్లేదు. అయినా నా ముఖంలోకి చూస్తూ ఆగింది.

"సరేనమ్మా" అన్నాను. గొంతు సరిగ్గా రాలేదు. రెండోసారి చెప్పాను.