మొక్కజొన్న మీద తేనెటీగలు

ఒరేయ్ సుబ్బూ,

మొక్కజొన్న పూతలో చుక్క మకరందం ఉండదు కదా, పొద్దున్నే తేనెటీగలు దానిమీద ఎందుకు ముసురుతున్నాయని అడిగావు. పుప్పొడి కోసంరా. పట్టులో పెరిగే పిల్లపురుగులకు మాంసకృత్తులు కావాలి, అవి దొరికేది అందులోనే. తమాషా ఏమిటంటే, ఆ పొడిని ముద్దచేసి వెనక్కాళ్లకు అంటించుకోవడానికి తడి కావాలి. మొక్కజొన్నలో అది దొరకదని ఈగ కొంచెం తేనె పట్టునుంచే పొట్టలో పోసుకుని బయల్దేరుతుంది.

ఇంకా విడ్డూరం, ఇంత కష్టపడి మోసే ఈగ పుప్పొడిని దాదాపు ముట్టదు. తినేవి పట్టులో పిల్లల్ని సాకే చిన్న వయసు ఈగలు. ఇంటిల్లిపాదికీ సరుకులు తెచ్చి తాను మాత్రం భోజనానికి కూర్చోని మనిషిలాంటిదన్నమాట. అందుకే, ఏ పుప్పొడిలో బలముందో కొలిచి చూసుకుని మరీ పువ్వును ఎంచుతుందంటే నేను అంత సులువుగా నమ్మను. పొద్దుతిరుగుడు పుప్పొడిలో మాంసకృత్తులు తక్కువే. అయినా చేనంతా ఈగలే!

మరి దేన్ని చూసి వాలుతుంది? రంగు, వాసన, అంతకుముందు అక్కడ దొరికిన ఫలితం. ఎరుపు దాని కంటికి రంగుగా ఆనదు, మనకు కనిపించని అతినీలలోహిత కాంతి మాత్రం కనిపిస్తుంది. మంచి చోటు దొరికిన ఈగ పట్టుమీద నాట్యమాడి దిక్కూ దూరమూ చెబుతుంది, దాని ఒంటికి అంటిన పూలవాసన మిగతావాటికి ఆనవాలు. ఆ నాట్యం గుట్టు విప్పిన కార్ల్ ఫాన్ ఫ్రిష్‌కి 1973లో నోబెల్ ఇచ్చారు. ఒకసారి ఒక జాతి పువ్వు పట్టిందంటే ఆ విడత మొత్తం సాధారణంగా దాన్నే పట్టుకుంటుంది. ఈ సంగతి అరిస్టాటిల్ కాలానికే తెలుసు. అయితే పుప్పొడి ఎంత కావాలో తేల్చేది పువ్వు కాదు, పట్టు. పిల్లపురుగుల వాసన పెరిగితే ఎక్కువ ఈగలు పుప్పొడికి కదులుతాయి. అరల్లో నిల్వ పెరిగితే ఆ జోరు తగ్గుతుంది.

మీ పెరట్లో వంగపూల దగ్గర మాత్రం వీటి పప్పులుడకవు. అక్కడ పుప్పొడి సన్నటి గొట్టాల్లో ఉంటుంది, చివర చిన్న రంధ్రం. గట్టిగా అదిరిస్తేనే రాలుతుంది. తేనెటీగకు ఆ విద్య రాదు. నల్ల తుమ్మెదకు వచ్చు, పువ్వును కరుచుకుని ఝుమ్మని ఒళ్లదిరిస్తుంది. నీ గుత్తివంకాయ కూరలో దాని వాటా ఉంది, మందు కొట్టేటప్పుడు గుర్తుపెట్టుకో.

మీ ఊళ్లో పొద్దుతిరుగుడు ఇంకా వేస్తున్నారా? వేస్తే ఓ పొద్దున ఈగల కాళ్లు చూడు. మొక్కజొన్న లేత పసుపు ముద్దలెన్ని, పొద్దుతిరుగుడు నారింజవెన్ని, ఒకే ఈగకు రెండు రంగులున్నాయా, రాయి.

నీ
రాఘవ