జీతాల రోజున ఒక బల్ల



పోయిన ఉత్తరం చదివినవాళ్లలో చాలామంది ఒకటే అడిగారు: "మా ఫ్యాక్టరీలో పనికి చేరే పిల్లలు ఆర్నెల్లు నిలవడం లేదు, పని మీద మనసు పెట్టడం లేదు, ఏం చేయమంటారు?" దానికి జవాబు బంగారపేట స్టేషన్‌లో కూర్చుని రాస్తున్నాను.

తెల్లవారకముందే మారికుప్పం నుంచి బండి వస్తుంది. దారిలో వచ్చే ఛాంపియన్, ఊరుగాం, కోరమండల్ అన్నీ ఒకప్పుడు బంగారం తీసిన చోట్లు. 2001 ఫిబ్రవరి 28న భారత్ గోల్డ్ మైన్స్ మూతపడ్డాక అక్కడి పిల్లలకు బెంగళూరే దిక్కైంది. రోజూ పోవడానికి, రావడానికి గంటల కొద్దీ ప్రయాణం. నిలబడే నిద్రపోతారు. ఇంత దూరం వచ్చేవాళ్లకు పని మీద ఇష్టం లేదంటే నేను ఒప్పుకోను. ఇష్టంతోనే వస్తారు. వచ్చాక అది ఎక్కడ కారిపోతోందో వెతకాలి.

నా అనుభవంలో మొదటి చిల్లు జీతం చీటీ దగ్గరే పడుతుంది.

మన కోలారు జిల్లా నరసాపుర సంగతి మీకు గుర్తుండే ఉంటుంది. 2020 డిసెంబరు 12న ఐఫోన్లు తయారుచేసే విస్ట్రాన్ ఫ్యాక్టరీలో పనివాళ్లు తిరగబడ్డారు. అద్దాలు పగిలాయి, వాహనాలు తగలబడ్డాయి. అందరూ ఆ అద్దాలనే చూశారు. వాటి వెనక ఉన్నది ఇది: ఎక్కువమంది కాంట్రాక్టు ఏజెన్సీల ద్వారా చేరినవాళ్లు, ఎనిమిది గంటల షిఫ్టు పన్నెండు గంటలైంది, హాజరు లెక్కలు తప్పాయి, జీతం సరిగా అందలేదు. తగలబెట్టడం తప్పే. కానీ కొందరికి జీతం సరిగ్గా, సమయానికి ఇవ్వలేదని కంపెనీయే ఒప్పుకుని క్షమాపణ చెప్పింది. లోపాలు దిద్దుకునేదాకా కొత్త పని ఇచ్చేది లేదని ఆపిల్ తేల్చేసింది. ఆ తర్వాత పనివాళ్లు పేరు చెప్పకుండా గోడు చెప్పుకోవడానికి కన్నడం, తెలుగు, తమిళం, హిందీ, ఇంగ్లీషుల్లో ఇరవై నాలుగు గంటల ఫోను పెట్టారు. తెలుగులో వినేవాళ్లు ఒకరు కావాలని తెలియడానికి అంత గొడవ జరగాల్సి వచ్చిందే అని నాకు ఇప్పటికీ బాధ.

ఇదే జిల్లాలో తొంభై ఏళ్ల ముందు, 1930లో, బంగారు గనుల కార్మికులు వేలిముద్రలతో పేర్లు నమోదు చేయడాన్ని ఎదిరించి దాదాపు మూడు వారాలు సమ్మె చేశారు. పాతాళానికి దిగడానికి వెనకాడనివాళ్లు వేలు ముందుకు చాపడానికి ఒప్పుకోలేదు. "నా లెక్కంతా నీ పుస్తకంలో, అందులో ఏముందో నాకు తెలియదు!" వాళ్ల కోపం నాకు ఇలా అర్థమవుతుంది. నరసాపురలో హాజరు యంత్రం ముందు నిలబడ్డ కుర్రాడిదీ ఇదే కోపం.

ఇక నా సంగతి. ఒకప్పుడు నేను ఒక ఫ్యాక్టరీలో లైన్ ఇన్‌ఛార్జిని. వి.కోట నుంచి వచ్చిన ఒక అమ్మాయి జీతం చీటీ తెచ్చి, ఓవర్‌టైం లెక్క చూపిస్తూ, "సార్, నాలుగు ఓటీలు చేస్తే రెండే పడినాయి" అంది. చూస్తానన్నాను. చూడలేదు. పై నెల ఆ అమ్మాయి రాలేదు, హాస్టల్లో ఆమె గదిలో ఉండే ఇద్దరూ మానేశారు. ఎవరూ నన్నొక్క మాట అనలేదు. ఆ మౌనం నన్ను చాలా రోజులు తినేసింది.

తర్వాతి జీతాల రోజున గేటు లోపల ఒక బల్ల వేయించి కూర్చున్నాను. పక్కన జీతాలు చూసే గుమాస్తా, అతని హాజరు పుస్తకం. మొదటి నెల ఇద్దరే వచ్చారు. మూడో నెలకి వరస కట్టారు. పీఎఫ్ ఎందుకు కోస్తారు, ఆ డబ్బు ఎప్పుడొస్తుంది అని అడిగేవాళ్లే ఎక్కువ. తెలుగువాళ్లకు తెలుగులో, తమిళం వాళ్లకు తమిళంలో చీటీలో ఒక్కో వరస చదివి చెప్పేవాళ్లం. అక్కడే ఇంకో సంగతి బయటపడింది: కంపెనీ బస్సే ఆలస్యంగా వస్తుంటే, దిగినవాళ్లకు అరపూట జీతం కోస్తున్నారు! ఆలస్యం బస్సు వల్లేనని నాకే కాదు, ఆ గుమాస్తాకు కూడా తెలియదు. కోసింది తిరిగి ఇప్పించడానికి నెలన్నర పట్టింది.

ఆ తర్వాతే అసలు మార్పు వచ్చింది. ఎప్పుడూ తలెత్తని ఒక కుర్రాడు వచ్చి, రెండో డ్రిల్లింగ్ మిషన్ మధ్యాహ్నానికి వేడెక్కి కన్నం పక్కకి పోతోందని చెప్పాడు. అంతవరకూ పాడైన ముక్కల్ని అతనే ఏరి పక్కన పడేస్తున్నాడట. మరి ఇన్నాళ్లూ ఎందుకు చెప్పలేదని అడిగితే, "ఎవురికి చెప్పాల సార్?" అన్నాడు.

పుట్టినరోజు కేకులు, గోడ మీద ఉత్తమ ఉద్యోగి ఫొటోలు వద్దనను. పెట్టండి. కానీ ఓటీ లెక్క తప్పినచోట ఆ కేకు గొంతు దిగదు. మీలో కొందరు వర్క్స్ కమిటీ గురించి కూడా అడిగారు. పనివాళ్లూ యాజమాన్యం సమానంగా కూర్చునే ఆ కమిటీ ఉండాలని 1947 నాటి పారిశ్రామిక వివాదాల చట్టమే చెప్పింది. కాగితం మీద చాలాచోట్ల ఉంటుంది. అందులో పనివాళ్ల తరఫున కూర్చునేది కాంట్రాక్టు పిల్లలా, పర్మనెంటు వాళ్లేనా, అది చూడండి ముందు.

ఈ నెల జీతాల రోజున మీరూ ఒక బల్ల వేసి చూడండి. ఎవరేం అడిగారో నాకు రాయండి. మొదటిసారి ఎవరూ రాకపోతే అదీ రాయండి.

బండి వచ్చేసింది. ఉంటాను.