సాస్తిల కావలోళ్ల పేర్లు

మొన్న మా చెల్లె ఇంటికి సాస్తి పోయిన. బల్లార్షాల రైలు దిగి వార్ధా నది దాటాలె. చుట్టూ బొగ్గు గనుల మట్టిగుట్టలే. ఈ రాజురా తాలూకా 1956 దాకా మన ఆదిలాబాద్ జిల్లాలోదే. అందుకే ఒక్క వాకిట్లనే మూడు నాలుగు భాషలు వినబడుతయి.

మేనల్లుడు ఒక గోదాం దగ్గర రాత్రి డ్యూటీ చేస్తడు. మా చెల్లె "కావలికి పోయిండు" అంటది. పక్కింటి మరాఠీ ఆమెకు వాడు రాఖణ్‌దార్, లారీ డ్రైవర్లకు చౌకీదార్. మన పల్లెల్ల చెరువు నీళ్లు చూసేటోడు నీరడి. కోత్వాల్ మాటైతే తమాషా. నిజాం కాలంల హైదరాబాద్ కోత్వాల్ అంటే పోలీసులకే పెద్ద, రాజా బహద్దూర్ వెంకటరామారెడ్డి గారు చేసిన కొలువు. మహారాష్ట్ర పల్లెల్ల అదే మాట తలాఠీ చెప్పిన పని చేసే చిన్న నౌకరుకు!

1982 బొంబాయి మిల్లుల సమ్మె తర్వాత, భివండిల మగ్గం దొరికేదాక నేను గూడ ఒక బిల్డింగుకు వాచ్‌మన్‌గ ఉన్న. నా పేరు ఎవ్వరూ అడగలే. "ఏ వాచ్‌మన్" అంతే.

మహారాష్ట్రల ప్రైవేటు గార్డుల కోసం 1981 చట్టం ఉంది. బోర్డుల పేరెక్కితే జీతం, పీఎఫ్ బోర్డు చేతుల మీదుగ వస్తయి.

"నీ పేరెక్కిందారా?" అని అడిగిన.

"ఠేకేదార్ ఏం చెప్పలే మామా" అన్నడు.

సోమవారం ఇద్దరం చంద్రపూర్ పోతున్నం, అడగనీకి.