అడవిలో మూడు రాత్రులు

మా హోసూరులో 2012 నాటి కరెంటు కోతలు చూసినవారికి ఇన్వర్టర్ బ్యాటరీ గురించి వేరే చెప్పనక్కరలేదు. అందులో డిస్టిల్డ్ వాటర్ పోసే పని మా ఇంట్లో నాదే. అందుకే అమెరికాలో మా అబ్బాయి, "నాన్నా, ఈసారి ఇల్లు వెంటబెట్టుకుని అడవికి వెళ్దాం, కరెంటు బ్యాటరీలదే" అన్నప్పుడు, ఇదేమైనా నాకు తెలియని విద్యా అనుకున్నాను. ఆ ధీమా రెండో రాత్రికే దిగిపోయింది.

2022లో దీపావళి వెళ్ళిన వారం. అబ్బాయి ఉండేది ఫీనిక్సులో. స్నేహితుణ్ణి అడిగి ట్రెయిలర్ ఇల్లు తెచ్చాడు. ట్రక్కు వెనక తగిలించుకుని లాక్కుపోయే చిన్న ఇల్లు అది. మంచాలు, గ్యాసు పొయ్యి, ఫ్రిజ్, స్నానాల గది అన్నీ ఉన్నాయి. దాదాపు 370 కిలోమీటర్లు ప్రయాణం చేసి గ్రాండ్ కాన్యన్ దక్షిణపు అంచుకు చేరాం. పార్కులో కరెంటు ప్లగ్గు ఉన్న చోట్లు అప్పటికే నిండిపోయాయి. అందుకని పార్కు బయట, టుసయాన్ ఊరి దగ్గర కైబాబ్ అడవిలో దిగాం. అక్కడ అద్దె లేదు, 14 రోజులు ఉండవచ్చు. కరెంటూ లేదు, కుళాయీ లేదు.

ఆ సాయంత్రం లోయ చూశాం. మైలు లోతున్న ఆ ఎర్రని అగాధం ముందు మా ఆవిడ చాలాసేపు మాట్లాడలేదు. ఎత్తు 2,100 మీటర్లు, దాదాపు మన ఊటీ అంత. చీకటి పడగానే చలి పట్టుకుంది.

మా ఆవిడకు నిద్రలో ఊపిరి ఆగే జబ్బు ఉంది. రాత్రంతా ముక్కుకు సీపాప్ యంత్రం ఉండాలి. మొదటి రాత్రి బాగానే గడిచింది. మర్నాడు అబ్బాయి రెండు గంటలు జనరేటర్ వేసి, మీటరు చూసి, "ఫుల్ అయింది నాన్నా" అన్నాడు. నేనూ తల ఊపాను.

రెండో రాత్రి మూడున్నరకు మెలకువ వచ్చింది. హీటరు ఆగిపోయింది. యంత్రమూ ఆగింది. మా ఆవిడ ఉలిక్కిపడి లేచి కూర్చుని ఊపిరి ఎగబీలుస్తోంది. "ఏమండీ, గాలి రావడం లేదు" అంది. గ్యాసు సిలిండరు నిండుగానే ఉంది. కానీ ఆ హీటరుకు ఫ్యాను తగినంత వేగంతో తిరిగితేనే మంట అంటుకుంటుంది. ఫ్యానుకు బ్యాటరీ కావాలి. అబ్బాయి చలిలోకి పరుగెత్తి, పొగ లోపలికి రాకుండా జనరేటర్‌ని దూరంగా పెట్టి నడిపాడు. ఆ నిశ్శబ్దంలో దాని మోత అడవంతా వినిపించి ఉంటుంది.

తెల్లారాక చెట్ల అవతల దిగిన ఒక అమెరికన్ పెద్దాయన వచ్చాడు. తిడతాడనుకున్నాం. సంగతి విని, "రండి, లెక్క వేద్దాం" అన్నాడు.

బ్యాటరీల మీద రాసింది 220 ఏహెచ్. సీసపు బ్యాటరీ కనుక సగమే వాడుకోవాలి, అంటే 110. మొదటి రాత్రి హీటరు ఫ్యానుకు సుమారు 35, సీపాప్‌కు 40, దీపాలకూ నీటి పంపుకూ 15. మొత్తం 90 ఖర్చు. రెండు గంటల జనరేటర్ తిరిగి ఇచ్చింది 50. పైగా పాత బ్యాటరీలు, వాటి అసలు సత్తా ఎప్పుడో తగ్గిపోయింది. రెండో రాత్రి గట్టెక్కే దారే లేదు.

"మరి మీటరు 13 పైన చూపించిందే?" అన్నాను. ఛార్జింగ్ నడుస్తుండగా చూపే అంకె నిజం కాదట. ఆపి, ఏ లోడూ లేకుండా కొన్ని గంటలు ఊరకుంచి చూడాలి. 12.7 ఉంటే నిండు, 12.1కి వస్తే సగం. ఇన్నేళ్ళు నీళ్ళు పోశానే గాని ఈ సంగతి నాకు తెలియదు.

ఆయన చెప్పిన అసలు కిటుకు ఇది. ఖాళీ బ్యాటరీ కరెంటును గబగబా తాగుతుంది. 80 శాతం దాటాక గుటకలు వేస్తుంది. చివరి 20 శాతానికి గంటలు పడుతుంది, జనరేటర్ ఎంత పెద్దదైనా తొందరపెట్టలేం. కనుక పొద్దున్నే జనరేటర్ వేసి, మిగతాది సాయంత్రం దాకా సోలార్ పలకకు వదిలేయాలి. పలకలో కొంత భాగం మీద నీడ పడినా కరెంటు బాగా పడిపోతుందని, పొడవాటి వైరుతో దాన్ని పైన్ చెట్ల నీడ దాటించి ఎండలో నిలబెట్టించాడు. ట్రక్కు నుంచి వచ్చే సన్నని వైరును నమ్ముకోవద్దన్నాడు. అంత దూరంలో వోల్టేజి పడిపోయి, గంటలు ప్రయాణం చేసినా ఎక్కేది కొంచెమే.

సీపాప్‌లో నీళ్ళు వేడిచేసే భాగం ఆపితే దాని ఖర్చు సగానికి పైగా తగ్గుతుందన్నాడు. మా ఆవిడ ఒప్పుకుంది. ముక్కు ఎండిపోతుంది, అంతే.

ఆ రోజు లోయ వైపు వెళ్ళలేదు. అబ్బాయీ నేనూ ఎండ వెంట పలకను జరుపుతూ కూర్చున్నాం. మూడో రాత్రి హీటరు తగ్గించి, రెండేసి రగ్గులు కప్పుకున్నాం. నాకు నిద్ర పట్టలేదు. యంత్రం చప్పుడు వింటూ పడుకున్నాను. కిటికీలో వెలుగు వచ్చేదాకా అది ఆగలేదు. మా ఆవిడ లేచి, "కాఫీ పెట్టనా?" అంది. అంత మంచి మాట నేనెప్పుడూ వినలేదు.

తర్వాత మా అబ్బాయి సొంతంగా కొన్న ట్రెయిలర్‌లో లిథియం బ్యాటరీ పెట్టించాడు. అది త్వరగా నిండుతుంది, చాలా మటుకు వాడుకోనిస్తుంది. అయితే సున్నా డిగ్రీల కన్నా చల్లబడినప్పుడు దాన్ని ఛార్జి చేయకూడదు.

మన సంఘంలో పిల్లల దగ్గరికి అమెరికా వెళ్ళివచ్చేవారు చాలామంది ఉన్నారు. ఇలాంటి ప్రయాణం తటస్థిస్తే, ఇంట్లో రాత్రంతా నడవాల్సిన యంత్రం ఏదైనా ఉంటే, బయలుదేరే ముందే కాగితం తీసి రాత్రి ఖర్చు రాసుకోండి. జమ ఎక్కడి నుంచి వస్తుందో పక్కనే రాయండి. ఆ రెండూ సరిపోయాకే బండి కదలనివ్వండి.