మొక్కల లెక్క, మన్ను లెక్క

గోదావరి లోయలోని ఒక ఓపెన్‌కాస్ట్ బొగ్గు గనిని చూసి రాయమని ఎడిటర్ పంపారు. వెంట వచ్చిన అధికారికి షావెళ్లు, డంపర్లు చూపించాలని ఉబలాటం. నేను ఓబీ (ఓవర్‌బర్డెన్) గుట్ట కిందనున్న నర్సరీలోనే ఆగిపోయాను. కవర్లలో మట్టి నింపుతున్న ఒక అవ్వ కానుగ మొక్కను పెరికి, వేరుకున్న బుడిపెను గోటితో చీల్చింది. లోపల లేత ఎరుపు.

“ఎర్రగుంటె పనిచేస్తున్నట్టు సారూ. లేకుంటె ఉత్తదే.”

గాలిలోని నత్రజనిని పట్టి మొక్కకిచ్చే రైజోబియం కాపురం ఆ బుడిపెలోనే. ఊళ్లోని పాత కానుగ మొదట్లోంచి తట్టెడు మన్ను తెచ్చుకుని, కవరుకో గుప్పెడు కలుపుతోందామె. దానితోపాటే ఆ బాక్టీరియా, వేళ్లకు భాస్వరం అందించే శిలీంధ్రాలూ వస్తాయి. గుమ్‌గావ్ మాంగనీసు గని గుట్టల మీద నాగపూర్‌లోని జాతీయ పర్యావరణ ఇంజనీరింగ్ పరిశోధన సంస్థ (నీరి) శాస్త్రవేత్తలు చెట్లు పెంచింది కూడా చక్కెర మిల్లుల వ్యర్థమైన ప్రెస్‌మడ్‌కు ఇలాంటి సూక్ష్మజీవులను జోడించే.

“వచ్చినోళ్లంత ఎన్ని మొక్కలు పెట్టిన్రని అడుగుతరు. మన్నెట్లున్నదని ఒక్కరన్న అడగరు” అని పక్కనామెతో గొణిగింది.

నాకూ ఒళ్లు మండేది అక్కడే. ఓబీ అంటే బొగ్గు పైనున్న ఇసుకరాయినీ బంకమన్నునూ తవ్విపోసిన కుప్ప. సేంద్రియ పదార్థం నామమాత్రం. పైగా డంపర్లు తొక్కి తొక్కి గట్టిపడితే నీరూ ఇంకదు, వేరూ దిగదు. తవ్వకానికి ముందే పైనున్న జానెడు మన్ను విడిగా తీసి, వీలైనంత త్వరగా గుట్టపై పరవాలి. ఏళ్ల తరబడి ఎత్తుగా కుప్పపెడితే లోపల గాలాడక శిలీంధ్రాలు నశిస్తాయి, విత్తనాలు మొలకశక్తి పోగొట్టుకుంటాయి. ఇదంతా వదిలేసి సుబాబుల్ నాటినా నాలుగు వానలకు పచ్చబడుతుంది. ఫొటోకు అది చాలు, నేలకు చాలదు.

తవ్విన నేలలో పశుగ్రాసం, చెట్లు, జీవాలు బతికేలా మళ్లీ గడ్డి పెంచాలన్న షరతును గని లీజుల్లో చేర్చాలని 2020 జనవరిలో సుప్రీంకోర్టు కేంద్రాన్ని ఆదేశించింది. గడ్డితో మొదలుపెట్టమనడం సబబే. వాన కోత నుంచి మట్టిని పట్టి ఉంచేదీ, ఎండి కుళ్లి కర్బనం చేర్చేదీ అదే.

పర్యావరణ అనుమతి పొందిన గనులు ఆరు నెలలకోసారి నివేదిక ఇవ్వాలి. అది ఎవరైనా చూడదగ్గ పత్రం. మీ పక్క గనిది తెప్పించుకోండి. మొక్కల సంఖ్య పక్కన మట్టిలోని సేంద్రియ కర్బన శాతం కూడా రాయమని అడగండి.