కుందేలు ఏడిస్తే కయోటీ వస్తుంది

జనవరి చివరి ఆదివారం. పొద్దున ఏడు దాటినా ఇంకా సరిగ్గా తెల్లారలేదు. టెక్సాస్ మధ్యలో బ్రేడీ అనే చిన్న ఊరి బయట, ముళ్లపొదకి వీపు ఆనించి కూర్చున్నా. చేతిలో టీవీ రిమోట్ లాంటిది ఒకటి. బటన్ నొక్కగానే నలభై గజాల అవతల గడ్డిలో పెట్టిన స్పీకర్‌లోంచి కుందేలు ఏడుపు మొదలైంది. చంటిపిల్ల గుక్కపట్టి ఏడ్చినట్టే ఉంది. ఒళ్లు జలదరించింది.

అసలు నేనక్కడ ఎందుకున్నానంటే... నేనుండేది డాలస్ పక్కన ఇర్వింగ్‌లో. మా టీమ్‌లో అరవై దాటిన ఒక పెద్దాయన ఉన్నాడు. పేరు పెట్టే పిలవమంటాడు గానీ నాకు నోరు రాదు. ఆయన చెల్లెలికి బ్రేడీ దగ్గర మేకల ర్యాంచ్ ఉంది. పది రోజుల్లో నాలుగు పిల్లల్ని కయోటీలు ఎత్తుకుపోయాయట. ‘రిమోట్ పట్టుకోడానికి ఒక మనిషి కావాలి, వస్తావా?’ అన్నాడు. మా తాత పాలమూరులో గొర్లు కాసినోడు. మంద మీద తోడేలు పడిన రాత్రుల కథలు వింటూ పెరిగినోణ్ని, కాదనలేకపోయా.

ఫోర్ట్‌వర్త్ దాటి 377 హైవే ఎక్కితే గ్రాన్‌బరీ, స్టీఫెన్‌విల్, కొమాంచి, బ్రౌన్‌వుడ్... ఒక్కో ఊరు దాటేకొద్దీ మాల్స్ పోయి మెస్కీట్ చెట్లు వస్తాయి. మెస్కీట్ అంటే మన సర్కారు తుమ్మకి దాయాది. కింద నాగజెముడు. కారు అద్దంలోంచి చూస్తే అచ్చం మహబూబ్‌నగర్ దారే. అమెరికాలో మేకలు ఎక్కువ పెంచే రాష్ట్రం టెక్సాసే. బ్రేడీలో ఏటా లేబర్ డే సెలవులకి మేక మాంసం వండే ప్రపంచ పోటీ కూడా పెడతారు. డాలస్‌లో మనం ఆదివారం మటన్ వండుకుంటాం కదా, ఆ మేక వెనక ఇలాంటి ర్యాంచులే ఉంటాయి. అది అక్కడికి వెళ్లేదాకా నాకు తట్టలేదు.

కయోటీ నక్క కంటే పెద్దది, తోడేలు కంటే చిన్నది. టెక్సాస్‌లో దీని వేటకి సీజన్ అంటూ లేదు. మామూలుగా లైసెన్స్ మాత్రం ఉండాలి. ‘రిమోట్ నొక్కడం కూడా వేటే’ అని పెద్దాయన నాతో 25 డాలర్లు పెట్టించి కొనిపించాడు. తుపాకీ జోలికి నేను పోలేదు. హెచ్1బీ మీద ఉన్నవాళ్లు తుపాకీ పట్టుకోవాలంటే ఫెడరల్ చట్టంలో బోలెడు మెలికలున్నాయి.

పిలుపు పెట్టె సంగతి దారిలోనే చెప్పాడు. 1960ల్లో ఇదే టెక్సాస్‌లోని వేకోలో జానీ స్టూవర్ట్ అనే ఆయన జంతువుల అరుపుల్ని గ్రామఫోన్ రికార్డుల మీద అమ్మేవాడు. వేటగాళ్లు ప్లేయర్‌ని పొలంలోకి మోసుకెళ్లేవాళ్లు. ఇప్పుడది డబ్బా అంత స్పీకర్ అయింది. రెండు వందల డాలర్ల లోపు దొరికేవీ ఉన్నాయి, ఐదారు వందలవీ ఉన్నాయి. నేను మన ఫోన్ల అలవాటు కొద్దీ ‘ఎన్ని సౌండ్స్ ఉన్నాయి?’ అని అడిగా. నవ్వాడు. పది చాలంట. ముందు చూడాల్సింది రిమోట్ ఎంత దూరం పనిచేస్తుందని, అదీ చెట్లు అడ్డం ఉన్నప్పుడు. తర్వాత సౌండ్ ఎక్కువ పెడితే స్పీకర్ పగులుతుందా, చలికి బ్యాటరీ నిలబడుతుందా, చీకట్లో చేతి తొడుగుతో బటన్లు తెలుస్తాయా? అంతే. బాతుల్లాంటి వలస పక్షుల వేటకి మాత్రం ఇక్కడా ఈ పెట్టె నిషేధం. మంచు బాతుల సంఖ్య తగ్గించడానికి ఇదివరకు పెట్టిన ప్రత్యేక సీజన్‌కే మినహాయింపు ఉండేది.

నాకైతే మా ఊరి కౌజు పిట్ట గుర్తొచ్చింది. వెనకట బోనులో పెంపుడు కౌజుని పెడితే అది కూసి అడవి కౌజుల్ని రప్పించేది. దాన్ని దీమం అనేవాళ్లు. ఇదీ దీమమే, బ్యాటరీతో కూస్తుంది. మన దగ్గర ఇప్పుడలా చేస్తే 1972 వన్యప్రాణి చట్టం కింద కేసే, దయచేసి ప్రయత్నించకండి.

మొదటి చోట చెడగొట్టింది నేనే. మొదట్లో చిన్నగా పెట్టమన్నాడు. ఏమీ రావట్లేదని రెండు నిమిషాలకే సౌండ్ పెంచేశా. కయోటీ అరుపు విని సూటిగా పరిగెత్తుకు రాదు. చుట్టూ తిరిగి, గాలి తన మీదికి వీచే వైపు చేరి, వాసన చూశాకే అడుగేస్తుంది. అందుకే స్పీకర్ ఒకచోట, మనం ఇంకోచోట, గాలి అడ్డంగా వీచేలా కూర్చోవాలి. నేను స్పీకర్‌నే చూస్తున్నా. అది మా వెనక నుంచి వచ్చి, మా వాసన పట్టి, ఎప్పుడో వెళ్లిపోయింది. ఇసుకలో అడుగులు చూపించి పెద్దాయన అన్నాడు: ‘దానికి చదువు చెప్పి పంపావు. ఇంక ఈ పాటకి రాదు.’

రెండో చోట ఒళ్లు దగ్గర పెట్టుకున్నా. ముందు ఒంటరి కయోటీ ఊళ. జనవరి, ఫిబ్రవరి వాటికి జత కట్టే కాలం. మూడు నిమిషాలు నిశ్శబ్దం. తర్వాత కుందేలు, వినీ వినపడనట్టు. పన్నెండో నిమిషంలో నాగజెముడు పక్కన బూడిదరంగు చెవులు రెండు. నా గుండె చప్పుడు దానికి వినపడుతుందేమో అనిపించింది. తుపాకీ పేలింది. అది పడిపోయింది.

ఆ పేలుడు విన్న పెట్టె తనంతట తానే పాట మార్చింది. కొన్ని మోడళ్లలో ఈ సదుపాయం ఉంటుంది, నాకెవరూ చెప్పలేదు. ఇప్పుడు వచ్చేది కయోటీ పిల్ల ఏడుపు. అది వినగానే గట్టు మీద రెండోది కనిపించింది. పారిపోలేదు. పడిపోయినదాని వైపు రెండడుగులు వేసింది.

నా బొటనవేలు మ్యూట్ నొక్కేసింది.

అది ఆగింది, చెవులు తిప్పింది, గట్టు అవతలికి దిగిపోయింది. పెద్దాయన తుపాకీ దించి నావైపు చూశాడు. తిట్టలేదు. ‘ఎంత చంపినా మిగిలినవి ఎక్కువ పిల్లల్ని పెడతాయి. అందుకే మంద దగ్గరికి వచ్చేవాటినే కొడతాను. అది వచ్చేదే’ అన్నాడు.

ర్యాంచ్‌లో ఆయన చెల్లెలికి జరిగింది జరిగినట్టు చెప్పా. ఆమె కాఫీ పోసిచ్చింది. ఇంకో పద్దెనిమిది మేకలు ఈనాలట. గాడిదని ఆ దొడ్లోకి మారుస్తానంది. కయోటీ కనిపిస్తే గాడిద తరిమి తంతుంది, ఇక్కడ చాలామంది కాపలాకి పెట్టుకుంటారు.

తిరుగు దారిలో నాన్నకి ఫోన్ చేశా. అంతా విని ఒకటే అడిగాడు.

‘రెండోది ఎటు దిక్కు పోయిందిరా?’

‘మేకల దొడ్డి దిక్కే నాన్నా.’

కాసేపు మాట్లాడలేదు. ‘మీ తాతకైతే ఈ ముచ్చట చెప్పకపోదువు’ అన్నాడు.